ఆటతో నీటి చక్రం: ఎనిమిది మజిలీలు, పది పాచికలు, ఒక విజిల్

సముద్రం, ఎండ, మబ్బు, కొండ, వాన, మళ్లీ సముద్రం. బోర్డు మీద ఈ బాణాలు గీసి చూపిస్తే పిల్లలు పరీక్షలో అచ్చం అలాగే గీసి మార్కులు తెచ్చుకుంటారు. "మీ ఊరి చెరువులో నీళ్లు ఎండాకాలంలో ఎటు పోయాయి?" అని అడిగితే మాత్రం తలలు వంచుకుంటారు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సముద్రం చూసిన పిల్లలు తక్కువ. వాళ్లకు తెలిసింది చెరువు, వాగు, బోరు, నల్లా. పుస్తకంలోని గుండ్రటి బొమ్మలో అవి ఎక్కడా కనిపించవు.

దీన్ని ఆటగా ఎలా ఆడించాలని టీచర్లు, బాలల సంఘాలు నడిపేవాళ్లు తరచూ అడుగుతుంటారు. అందుకే కొలతలతో సహా మొత్తం ఇక్కడ రాస్తున్నాం. ఆటలో ప్రతి పిల్లా ఒక నీటిచుక్క. సముద్రం, మేఘం, నేల, వాగు, చెరువు, భూగర్భం, చెట్టు, మనిషి–పశువు అనే ఎనిమిది చోట్లు దాని మజిలీలు. పాచిక ఎటు పొమ్మంటే అటు పోవాలి, ఉండమంటే ఉండాలి. పిల్లలకు ఎక్కించాల్సింది ఒక్కటే: నీటిచుక్క గానుగెద్దులా ఒకే దారిలో తిరగదు. దారులు చాలా ఉంటాయి, కొన్నిచోట్ల చాలాకాలం ఆగిపోతుంది కూడా.

5 నుంచి 8 తరగతుల వాళ్లకు సరిగ్గా సరిపోతుంది. 40 మందికి లెక్క వేశాం. తక్కువ మంది ఉంటే ఏం చేయాలో తర్వాత చెప్తాం.

కావాల్సినవి

- లూడో పాచికలు 10, పోతే వాడుకోవడానికి ఇంకో రెండు. సముద్రానికి రెండు, మేఘానికి రెండు, మిగతా ఆరు మజిలీలకు ఒక్కోటి.
- మూత ఉన్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు 10. పాచికను డబ్బాలో వేసి మూత బిగించండి. పిల్లలు డబ్బా ఊపి అంకె చూస్తారు. విడి పాచిక ఇస్తే రెండో విజిల్‌కే మట్టిలో పోతుంది.
- అట్టలు 8, పెట్టెల నుంచి కోసినవైనా సరే. ఒక్కోదాని మీద మజిలీ పేరు, దాని పట్టిక పెద్ద అక్షరాలతో రాయాలి.
- స్కెచ్ పెన్నులు ఎనిమిది రంగులవి. ప్రతిదాన్నీ దారంతో అట్టకు కట్టేయండి, లేకపోతే పెన్ను చుక్కతో పాటే ప్రయాణం చేస్తుంది.
- చార్టు పట్టీలు, పిల్లకు ఒకటి. 2 ఇంచుల వెడల్పు, 11 ఇంచుల పొడవు, 13 గళ్లు. 22×28 ఇంచుల చార్టు ఒకదాంట్లో ఇలాంటివి 28 వస్తాయి, కాబట్టి 40 మందికి రెండు చార్టులు చాలు.
- విజిల్, తాగునీళ్లు, అట్టలు ఎగిరిపోకుండా రాళ్లు.
- రెండో ఆటకు గుప్పెళ్ల కొద్దీ చిన్న కంకర.

పాచికలు లేకపోతే ఒకటి నుంచి ఆరు అంకెలు రాసిన చీటీలు డబ్బాలో వేసి ఒకటి తీయించండి. తీసిన చీటీని మడిచి మళ్లీ డబ్బాలో వేశాకే తర్వాతి వాళ్లు తీయాలి. ఇది మర్చిపోతే చివర్లో వచ్చినవాళ్లకు మిగిలిన అంకెలే దిక్కవుతాయి, ఆట లెక్క తప్పుతుంది. ఇంట్లో అష్టాచెమ్మా గవ్వలున్నాయి కదా, అవే వాడదామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. గవ్వలు నాలుగు వేస్తే అన్ని సంఖ్యలూ సమానంగా పడవు, రెండు పడటం మామూలు, అష్టా పడటం అరుదు. ఈ పట్టికలన్నీ ఆరు అంకెలూ సమానంగా పడతాయన్న లెక్కతో చేసినవి.

ఎనిమిది పట్టికలు

అట్టల మీద ఇలాగే రాయండి. పక్కన రాసిన కారణాన్ని కూడా రాయాలి. అంకె చూసి పరుగెత్తే పిల్లకు ఎందుకు పోతున్నదో తెలియాలి కదా.

సముద్రం (నీలం): 1, 2 అయితే ఆవిరై మేఘానికి. 3, 4, 5, 6 అయితే ఇక్కడే.

మేఘం (నలుపు): 1, 2 సముద్రం మీద వాన. 3, 4 నేల మీద వాన. 5 చెరువులో వాన. 6 ఇక్కడే.

నేల (బ్రౌన్): 1 పారి వాగుకు. 2 ఇంకి భూగర్భానికి. 3, 4 వేర్లు పీల్చి చెట్టుకు. 5 ఆవిరై మేఘానికి. 6 ఇక్కడే, మట్టిలో పదనుగా.

వాగు (వంకాయ రంగు): 1 చెరువుకు. 2, 3 కృష్ణలో కలిసి సముద్రానికి. 4 కాలువ పట్టి నేలకు. 5 ఆవిరై మేఘానికి. 6 నల్లా గుండా మనిషి–పశువుకు.

చెరువు (గులాబీ): 1, 2 ఆవిరై మేఘానికి. 3 తూము గుండా నేలకు. 4 ఇంకి భూగర్భానికి. 5 మత్తడి (అలుగు) దుంకి వాగుకు. 6 ఇక్కడే.

భూగర్భం (ఎరుపు): 1 బోరు మోటరు తోడి నేలకు. 2 చేతిపంపు గుండా మనిషి–పశువుకు. 3 ఊటగా వాగుకు. 4, 5, 6 ఇక్కడే.

చెట్టు (ఆకుపచ్చ): 1, 2, 3, 4 ఆకుల నుంచి ఆవిరై మేఘానికి. 5 కాయ, మేత రూపంలో మనిషి–పశువుకు. 6 ఇక్కడే.

మనిషి–పశువు (నారింజ): 1, 2 చెమట, ఊపిరి ఆవిరిగా మేఘానికి. 3, 4 మూత్రంగా నేలకు. 5 మురికికాలువలో పడి వాగుకు. 6 ఇక్కడే.

బయట దొరికే ఆటల్లో ఒక మజిలీ హిమానీనదం ఉంటుంది. ఇక్కడ తీసేయండి. కృష్ణ పడమటి కనుమల్లో మహాబలేశ్వరం దగ్గర పుట్టి వాననీటితోనే పారే నది, దానికి మంచుతో పనిలేదు. దాని బదులే చెరువును పెట్టాం.

అట్టల మీద మీ దగ్గరి పేర్లు రాస్తే పిల్లలు ఎక్కువ లీనమవుతారు. దేవరకొండ వైపైతే వాగు బదులు డిండి, దేవరకద్ర వైపైతే పెద్దవాగు, మూసీ పక్క ఊళ్లయితే మూసీ. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది కాబట్టి "సముద్రానికి" అన్న దారి కూడా పిల్లలు ఊహించుకోగలరు. ఒక్క జాగ్రత్త: నల్లగొండ పిల్లల కోసం చెరువు అట్ట మీద పానగల్లు ఉదయసముద్రం పేరు రాస్తే సగం మంది చుక్కలు సముద్రమనుకుని అక్కడికి పోతాయి. రాసినా "చెరువు" అన్న మాటను పెద్దగా రాయండి.

ఆడించే పద్ధతి

1. సుమారు 25 అడుగులు వెడల్పు, 40 అడుగులు పొడవున్న జాగా చూసుకోండి. మేఘాన్ని నడిమధ్యలో పెట్టండి, రాకపోకలు దానికే ఎక్కువ. సముద్రం ఒక చివరన దూరంగా ఉండాలి. నేల, భూగర్భం పక్కపక్కన. మిగతావి ఎక్కడైనా. అట్టలను గుండ్రంగా మాత్రం పేర్చకండి. గుండ్రంగా పెడితే పిల్లలు పాచిక వదిలేసి వరసగా తిరగడం మొదలుపెడతారు, మీరు చెరపాలనుకున్న బొమ్మనే మళ్లీ గీసినట్టవుతుంది.

2. వేళ చూసుకోండి. ఒంటిపూట బడుల కాలంలో పొద్దున 9 దాటాక మైదానంలో వద్దు, వేపచెట్ల నీడకో వరండాకో మార్చండి. అన్నిటికన్నా మంచి కాలం మిరుగం (మృగశిర కార్తె) తర్వాత, రెండు వానలు పడ్డాక. అప్పుడు నేల పదను, వాగు పారకం కళ్లముందే ఉంటాయి.

3. పిల్లలను మజిలీకి ఐదుగురు చొప్పున పంచండి. అందరినీ సముద్రం దగ్గర నిలబెట్టి మొదలుపెడితే మొదటి ఐదారు విజిల్స్ అక్కడి వరసలోనే గడిచిపోతాయి.

4. పట్టీ మొదటి గడిని తాము నిలబడిన మజిలీ రంగుతో నింపమనండి. ఇప్పుడే అందరి పట్టీలూ ఒకసారి తిరిగి చూడండి. ఈ గడి తప్పితే తర్వాతివన్నీ ఒక గడి జరుగుతాయి.

5. నడకలు నేర్పండి. ఆవిరిగా పోయేవాళ్లు చేతులు పైకెత్తి ముని వేళ్ల మీద ఒంటరిగా పోవాలి. వానగా, పారకంగా పోయేవాళ్లు వంగి చకచకా నడవాలి. ఇంకి భూగర్భానికి పోయేవాళ్లు అడుగుకు అడుగు ఆనించి మెల్లగా నడవాలి. ఈ మూడో నడకను పిల్లలు ఎగ్గొట్టాలని చూస్తారు. వదలకండి, నీరు ఇంకడం ఎంత నెమ్మదో వాళ్లకు కాళ్లతోనే తెలియాలి.

6. విజిల్ వేయండి. ప్రతి చుక్కా డబ్బా ఊపి, అంకె చూసి, పట్టిక చదివి, కొత్త మజిలీకి పోయి, అక్కడి రంగు నింపి నిలబడాలి. "ఇక్కడే" పడినవాళ్లు కూడా అదే రంగును ఇంకో గడిలో నింపాలి. అందరూ ఆగాకే రెండో విజిల్. ఒక్కో విజిల్‌కు నిమిషం, నిమిషంన్నర పడుతుంది.

7. పన్నెండు విజిల్స్‌తో ఆపండి. 13 గళ్లూ నిండుతాయి. ముందు చెప్పడానికి పది నిమిషాలు, ఆటకు పదిహేను ఇరవై, తర్వాత మాటలకు పదిహేను. ఒక పీరియడ్ సరిపోతుంది.

పన్నెండు మంది పిల్లలే ఉన్న బడిలో ఎనిమిది మజిలీలూ పెడితే ఒక్కోచోట ఒక్కరు కూడా ఉండరు, ఆట చప్పబడుతుంది. అప్పుడు ప్రతి పిల్లకూ రెండు పట్టీలు ఇచ్చి ఆటను రెండుసార్లు ఆడించి పట్టీలన్నీ కలిపి చూడండి. మజిలీలను మాత్రం తగ్గించకండి, ఒకటి తీసేస్తే మిగతా పట్టికలన్నీ తిరిగి రాయాల్సి వస్తుంది.

ఎక్కడ తప్పుతుంది

అందరికన్నా ఎక్కువ గొడవ చేసేది సముద్రంలో ఇరుక్కున్న పిల్లలు. అక్కడికి చేరిన ఎనిమిది మందిలో ఒకరికి వరసగా ఐదుసార్లు "ఇక్కడే" పడుతుంది. "సార్, నేను ఆడనే లేదు" అని వస్తారు. జాలిపడి నియమం మార్చకండి. నిజం సముద్రంలో ఒక చుక్క సగటున వేల ఏళ్లు ఉండిపోతుంది, గాలిలో ఆవిరిగా ఉండేది తొమ్మిది పది రోజులే. విసుగొచ్చిన ఆ పిల్ల పట్టీయే చివర్లో అందరికీ చూపించాల్సిన పట్టీ అవుతుంది. ఆ మాట ముందే చెప్పండి, గొడవ తగ్గుతుంది.

రెండోది, స్నేహితులు కలిసి పోవడం. ఇద్దరు చేయి పట్టుకుని ఒకే పాచికతో ఇద్దరూ కదులుతారు. "ఒక చుక్కకు ఒక ఊపు" అని గట్టిగా చెప్పాలి.

మూడోది పెద్దల నుంచే వస్తుంది. "మేఘమంటే ఆవిరి" అనేస్తాం. ఆవిరి కంటికి కనబడదు. మేఘం అతి చిన్న నీటిచుక్కల, మంచుకణాల గుంపు. పిల్లలకు "ఆవిరై పైకి పోయి, చల్లబడి, మళ్లీ చుక్కలైతే మేఘం" అని చెప్పండి, అంతకుమించి అక్కర్లేదు. అలాగే ఎండ మండితేనే ఆవిరవుతుందన్న అపోహ ఉంటుంది. రాత్రి వరండాలో ఆరేసిన తడిబట్ట పొద్దుటికి ఎందుకు ఆరిందో అడిగితే వాళ్లే సర్దుకుంటారు.

భూగర్భమంటే నేల కింద చెరువో నదో ఉందనుకుంటారు. మన ప్రాంతంలో ఎక్కువగా ఉన్నది గ్రానైట్ రాయి. నీళ్లుండేది పైనున్న మొరంలో, కింద రాతి పగుళ్లలో. ఒక బోరు ఫెయిలైనా నాలుగడుగుల అవతల వేసిన బోరులో నీళ్లు పడేది అందుకే, అది సరిగ్గా పగులు మీద పడింది. గాజుగ్లాసు నిండా కంకర పోసి, దాంట్లో చెంబుతో నీళ్లు వంచి చూపండి. నిండినట్టు కనిపించే గ్లాసులో నీళ్లు ఎక్కడ సర్దుకున్నాయో కనబడుతుంది.

సరిగ్గా ఆడారా లేదా చూసుకోవడం

ముందు తల లెక్క. నాలుగైదు విజిల్స్ అయ్యాక 40 మందిలో సుమారు 12 మంది సముద్రంలో, 10 మంది మేఘంలో, ఆరుగురు నేల మీద, ముగ్గురు భూగర్భంలో ఉండాలి. మిగతా నాలుగు మజిలీల్లో ఒకరి నుంచి ముగ్గురు. ఒకరిద్దరు అటూ ఇటూ అయితే పర్వాలేదు. మనిషి–పశువు దగ్గర పది మంది చేరితే పట్టిక తప్పు చదువుతున్నారన్నమాట, ఆట ఆపి చూడండి. మేఘంలో పది మంది ఉన్నారంటే మేఘాల్లో అంత నీరుందని కాదు. ఆటలో కనిపించేది కదలిక, పరిమాణం కాదు. నిజానికి భూమ్మీది నీళ్లలో 97 శాతం దాకా సముద్రాల్లోనే ఉన్నాయి. ఈ సంగతి పిల్లలకు మాటల్లో చెప్పాల్సిందే.

తర్వాత పట్టీలు. పక్కపక్క గళ్ల రంగులు చూస్తే దొంగాట వెంటనే దొరుకుతుంది. నీలం తర్వాత నీలం గానీ నలుపు గానీ తప్ప వేరే రంగు రాకూడదు. ఎరుపు తర్వాత నలుపు ఎప్పుడూ రాదు, భూగర్భం నుంచి నేరుగా మేఘానికి దారే లేదు. నలుపు తర్వాత ఆకుపచ్చ, ఎరుపు, వంకాయ రంగు, నారింజ ఉంటే తప్పే. ఈ తనిఖీ మీరు చేయకండి, పక్కవాళ్ల పట్టీని పిల్లల చేతే చేయించండి. "మేఘం నుంచి చెట్టుకు నేరుగా ఎట్ల పోతది?" అని వాళ్లే వాదించుకుంటారు, ఆ వాదనలోనే సగం పాఠం అయిపోతుంది.

చివరగా మూడు ప్రశ్నలు. ఒకేలాంటి పట్టీలు ఎవరికైనా ఉన్నాయా? వానగా నేల మీద పడి, సముద్రం చూడకుండానే మళ్లీ మేఘానికి చేరినవాళ్లు ఎంతమంది? (చేతులు చాలా లేస్తాయి. నేల మీద, చెరువులో పడే వానలో చాలా భాగం చెట్ల గుండా, తడి గుండా అలాగే తిరిగి పోతుంది.) ఒకేచోట ఎక్కువ గళ్లు ఎవరు గడిపారు? ఆ తర్వాత ఒక్కొక్కరు తమ పట్టీని పది వాక్యాల కథగా రాయాలి. కథలో ప్రతి కదలికకూ కారణం ఉండాలి. "తర్వాత నేను వాగుకు పోయిన" అంటే చాలదు, "చెల్క గట్టిగా ఉన్నందుకు ఇంకలేక పారిన" అని ఉండాలి.

రెండో ఆట: రాళ్లు మోయడం

ఇది నల్లగొండ జిల్లాలో తప్పకుండా ఆడించండి. అవే పట్టికలు, కొత్తగా మూడు నియమాలు. భూగర్భంలో గడిపిన ప్రతి విజిల్‌కు ఒక కంకర రాయి జేబులో వేసుకోవాలి. నేల నుంచి పారి వాగుకు పోతే ఒక రాయి. ఎక్కడి నుంచైనా మేఘానికి పోయేటప్పుడు జేబులోని రాళ్లన్నీ ఆ మజిలీలోనే వదిలి వట్టి చేతులతో పోవాలి. రాళ్లు విసరకూడదని ముందే చెప్పండి, అయ్యాక చేతులు కడిగించండి.

పన్నెండు విజిల్స్ తర్వాత ఏ మజిలీ దగ్గర ఎన్ని రాళ్లు మిగిలాయో లెక్కపెట్టండి. సముద్రం ఎందుకు ఉప్పగా ఉంటుందో ఒక మాట కూడా చెప్పకుండానే అర్థమవుతుంది. వాననీళ్లు ఎందుకు చప్పగా ఉంటాయో కూడా. మనిషి–పశువు మజిలీలో మిగిలిన రాళ్ల దగ్గర కాసేపు ఆగండి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ వచ్చింది గ్రానైట్ రాతి నుంచే. నీళ్లు రాతిలో ఎక్కువకాలం ఉన్నకొద్దీ అది ఎక్కువ కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే పళ్లను, ఎముకలను పట్టుకుంటుంది. "మరిగిస్తే పోతది కదా సార్" అని తప్పకుండా ఒకరు అంటారు. ఆట నియమమే జవాబు: ఆవిరైన చుక్క రాయిని గిన్నెలోనే వదిలి పోతుంది, గిన్నెలో మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే విధానానికి నల్లగొండ పద్ధతి అనే పేరుంది. ఇంట్లో ఫ్లోరోసిస్‌తో నడుము వంగిన పెద్దవాళ్లున్న పిల్లలు తరగతిలో ఉండొచ్చు. "మీ తాతకు అదే కదా" అని ఎవరినీ చూపించకండి, చూపించనివ్వకండి.

మూడో ఆట: ఇంకుడు గుంతలు

నేల పట్టికలో ఒక్క మార్పు చేయండి. "1 పారి వాగుకు" అన్నచోట "1 గుంతలో ఆగి, ఇంకి భూగర్భానికి" అని రాయండి. ఆడించాక భూగర్భంలో ఉన్నవాళ్లను మళ్లీ లెక్కపెట్టండి. మొదటి ఆటలో సగటున ముగ్గురుంటే ఇప్పుడు ఐదుగురు దాకా ఉండాలి. ఒక్క విజిల్ చూసి తీర్పు చెప్పొద్దు, చివరి ఆరు విజిల్స్‌లో తలలు లెక్కపెట్టి సగటు తీయండి. తేడా అప్పటికీ కనబడకపోతే పాత అట్టనే చదువుతున్నారేమో చూడండి, చాలాసార్లు కారణం అదే.

వాగులో ఉండేవాళ్లు ఈసారి కొంచెం తగ్గుతారు. పిల్లలు అది గమనిస్తే పైఊరు, కిందిఊరు అని రెండు జట్లు చేసి వాదించనివ్వండి. పైఊళ్లో గుంతలు తవ్వితే కిందిఊరి చెరువుకు వచ్చే పారకం తగ్గదా? తగ్గినా అది భూగర్భం నుంచి ఊటగా మళ్లీ వాగుకు రాదా? పట్టికలో భూగర్భం 3 చూపించండి. అక్కడి నుంచి వాళ్లే లాక్కుపోతారు.